సొంత బొమ్మతో కార్డు, కవరు, కానుక: కొలతలతో సహా

చాలామంది ముందు బొమ్మ వేస్తారు, తర్వాత దాన్ని కార్డుగా అచ్చు వేయిస్తారు, ఆఖరికి కవరు కోసం తిరుగుతారు. పని చెడేది అక్కడే. నల్లగొండలో అయినా మహబూబ్‌నగర్‌లో అయినా మామూలు స్టేషనరీ దుకాణంలో దొరికే కవర్ల సైజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆఫీసు పనికి వాడే పొడుగు కవరు, ఏ4 పట్టే గోధుమరంగు కవరు, పెళ్లిళ్లలో డబ్బులు పెట్టి ఇచ్చే చదివింపుల కవరు. మీరు ముచ్చటపడి చేసిన కార్డు వీటిలో ఒకదాంట్లో దూరదు, ఇంకోదాంట్లో గలగలలాడుతుంది. అందుకే వరస తిరగేయండి. ముందు కవరు, దాన్నిబట్టి కార్డు, కార్డునుబట్టి ప్రెస్సు షీటు, అన్నిటికన్నా చివర బొమ్మ.

షీటు లెక్క

డిజిటల్ ప్రింటింగ్ చేసేచోట ఎక్కువగా 12×18 అంగుళాల షీటు వాడతారు. కొన్నిచోట్ల 13×19 కూడా ఉంటుంది. డబ్బులు లెక్కకట్టేది షీటుకు ఇంత అనే, కార్డుకు ఇంత అని కాదు. కాబట్టి ఒక షీటులో ఎన్ని కార్డులు పడతాయన్నదే మీ ఖర్చు.

12×18 అంటే 305×457 మి.మీ. యంత్రం నాలుగు అంచుల్లోనూ దాదాపు 5 మి.మీ. ఖాళీ వదిలేస్తుంది. మిగిలేది 295×447. ఏ5 కాగితాన్ని (148×210) సగానికి మడిచి కార్డు చేద్దామనుకుంటే, కోతకు చుట్టూ 3 మి.మీ. అదనంగా కలిపి 154×216 అవుతుంది. అలాంటివి పక్కపక్కన రెండు పెడితే 308. పట్టవు. ఎటు తిప్పినా షీటుకు రెండే వస్తాయి. అదే విప్పిన సైజు 140×200గా పెట్టుకోండి. అదనం కలిపితే 146×206. అడ్డంగా రెండు 292, నిలువుగా రెండు 412, మొత్తం నాలుగు పడతాయి. కొలత కొంచెం తగ్గించినందుకు ఖర్చు సగమైంది. మడిచాక కార్డు 100×140 మి.మీ. ఉంటుంది, చేతిలో పట్టుకుంటే చిన్నదనిపించదు.

చుట్టూ వదిలే ఆ 3 మి.మీ.ను ప్రెస్సువాళ్లు బ్లీడ్ అంటారు. రంగు కార్డు చివరిదాకా రావాలంటే బొమ్మ కోత గీత దాటి బయటికి పోయి ఉండాలి. కటింగ్ మిషన్ కింద యాభై షీట్ల కట్ట పెట్టినప్పుడు పైషీటుకూ అడుగుషీటుకూ మిల్లీమీటరు తేడా వస్తుంది. బ్లీడ్ లేకపోతే ఆ తేడా తెల్లటి గీతలా కనిపిస్తుంది. ఇదే కారణంతో అక్షరాలు, ముఖాలు, సంతకం కోత గీతకు లోపల కనీసం 5 మి.మీ. దూరంలో ఉంచండి. కార్డు చుట్టూ సన్నటి బార్డరు గీసే అలవాటుంటే మానుకోండి. మిల్లీమీటరు తేడాకే ఒకపక్క లావుగా, ఇంకోపక్క సన్నగా కనబడుతుంది.

కాగితం, మడత

కార్డుకు 250 నుంచి 300 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందనే లెక్క) ఆర్ట్ కార్డు సరిపోతుంది. పిల్లలు స్కూలుకు కొనే రంగుల చార్టు వద్దు, మడిచినచోట పగులుతుంది, ఏడాది తిరక్కముందే రంగు వెలుస్తుంది. లోపల పెన్నుతో రాయాలనుకుంటే మెరుపు ఉన్న ఆర్ట్ కార్డు కూడా వద్దు. బాల్‌పెన్ను జారుతుంది, జెల్ పెన్ను చెరిగిపోతుంది. మ్యాట్ కార్డో, పూత లేని తెల్ల బోర్డో అడగండి.

కాగితంలో నారలన్నీ ఒకే దిక్కుకు పడి ఉంటాయి. షీటును రెండు చేతులతో పట్టుకుని మెల్లగా వంచి చూడండి, తర్వాత అడ్డం తిప్పి వంచండి. ఏ దిక్కున తేలిగ్గా వంగితే మడత ఆ దిక్కునే రావాలి. నారకు అడ్డంగా మడిస్తే మడత గీత పొడవునా పొలుసులు లేచి తెల్లగా కనిపిస్తుంది. లేజర్ ప్రింటులో ఇది మరీ ఎక్కువ. అందులో రంగు కాగితంలోకి ఇంకదు, పొడి కరిగి పైన పొరలా అతుక్కుంటుంది. ముదురు రంగు మడత మీదుగా పోయేలా బొమ్మ ఉంటే మ్యాట్ లామినేషన్ చేయించండి. లేదా మడతకు అటూ ఇటూ రంగు లేతగా ఉండేలా చూసుకోండి.

మడిచే ముందు గీత నొక్కడం తప్పనిసరి. ప్రెస్సులో క్రీజింగ్ అడగండి. ఇంట్లో అయితే రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్నూ స్టీలు స్కేలూ చాలు. కార్డు కింద పాత మ్యాగజైన్ పెట్టి, బయటి వైపున నడిమధ్య ఒక్కసారే గట్టిగా గీయండి. గీత పడిన వైపు బయటకు, ఉబ్బిన వైపు లోపలికి వచ్చేలా మడవండి. చాలామంది తిరగేసి మడుస్తారు, అందుకే మడత నిలవక కార్డు తెరుచుకుపోతుంటుంది. మడిచాక స్టీలు గ్లాసు అడుగుతో ఒత్తితే సరి. గోరుతో రుద్దకండి, మెరిసే చార పడుతుంది.

ఏ పేజీ ఎక్కడ

తెల్లకాగితం ఒకటి మడిచి, నాలుగు ముఖాల మీద ముందు, వెనుక, లోపల ఎడమ, లోపల కుడి అని రాసి విప్పండి. ఎడమవైపు మడత ఉండే కార్డుకు బయటి పేజీలో ముందు భాగం కుడి సగంలో వస్తుంది, ఎడమ సగం వెనుక అట్ట. కొత్తవాళ్లు బొమ్మను ఎడమ సగంలో పెట్టి ప్రింటు తీయించుకుంటారు, తీరా చూస్తే కార్డు వెనక నుంచి తెరుచుకుంటుంది. పైన మడత ఉండి గుడారంలా నిలబడే కార్డు అయితే వెనుక అట్ట మీది అక్షరాలు ఫైలులో తలకిందులుగా ఉండాలి. రెండువైపులా ప్రింటు తీసేటప్పుడు అడ్డంగా ఉన్న పేజీకి షార్ట్ ఎడ్జ్ అని ఎంచుకోవాలి. మొదటి షీటు చూసి, మడిచి, సరే అన్నాకే మిగతావి వేయమనండి.

బొమ్మ

ఇప్పుడు గీయండి. కార్డు ముందు భాగం 100×140. ఏ5 స్కెచ్‌బుక్ పేజీ దాదాపు అదే నిష్పత్తిలో ఉంటుంది, కాబట్టి దాని మీద గీసి మూడింట రెండు వంతులకు తగ్గించడం అన్నిటికన్నా సుఖం. తగ్గినప్పుడు చేతి వణుకు కూడా తగ్గి కనబడుతుంది. కాకపోతే 0.1 పెన్నుతో గీసిన సన్నగీతలు అచ్చులో మాయమవుతాయి. 0.3 కన్నా సన్నని పెన్ను వద్దు.

ఏం గీయాలన్నది మీ ఇష్టం. పూలగుత్తి, టెడ్డీబేర్ ఉన్న కార్డు ఎక్కడైనా కొనుక్కోవచ్చు, మీ చేత్తో గీసినదానికి ఆ బొమ్మలెందుకు? దసరా కార్డుకు పాలపిట్ట ఉంది, జమ్మి ఉంది. బతుకమ్మకు తంగేడు, గునుగు, బంతి ఉన్నాయి. గృహప్రవేశం పిలుపుకు ఆ ఇంటి కొత్త గడపనే గీయొచ్చు. గద్వాల చీరల కోటకొమ్మ అంచు కార్డు కింది అంచుకు అతికినట్టు సరిపోతుంది, ఒక్క కొమ్మ శుభ్రంగా గీసి మిగతావి కంప్యూటర్‌లో పక్కపక్కన పేర్చుకోవచ్చు. పోచంపల్లి ఇక్కత్ వరసలు గీసేవాళ్లకు ఒక మాట: ఆ నేతకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది, అంటే ఆ పేరు అక్కడి నేతకే చెందుతుంది. ఇక్కత్ తరహా బొమ్మను కానుకగా ఇవ్వడం వేరు, దాన్ని గుడ్డ మీద అచ్చువేసి పోచంపల్లి అనే పేరుతో అమ్మడం వేరు. రెండోది చేయకండి. సినిమా హీరో ఫొటో చూసి గీసిన బొమ్మ కూడా ఇంట్లో ఇచ్చుకోవడం వరకే. అమ్మకానికి పెడితే ఫొటో తీసినవాళ్ల హక్కు అడ్డమొస్తుంది.

బొమ్మను కంప్యూటర్‌లోకి ఎక్కించడం

స్కానర్ ఉంటే 300 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలు అనే లెక్క) చాలు. బొమ్మ అసలు సైజు కంటే పెద్దగా అచ్చు వేయాలనుకుంటేనే 600 పెట్టండి. 146×206 మి.మీ. పేజీకి కావలసింది 1724×2433 పిక్సెళ్లు. ఆరిన నీటిరంగు కాగితం అలలుగా వంకరపోతే స్కానర్‌లో నీడలు పడతాయి. వెనకవైపు కొద్దిగా తడి చేసి, రెండు తెల్లకాగితాల మధ్య పెట్టి, బరువైన పుస్తకాల కింద ఒక రాత్రి ఉంచండి. ఇది నీటిరంగులకే. స్కెచ్ పెన్నులతో వేసినదైతే ఇంకు ఉబికివస్తుంది.

ఫోన్‌తో తీయాలంటే ఉదయం తొమ్మిదీ పదకొండు గంటల మధ్య, ఎండ నేరుగా పడని వరండాలో తీయండి. బొమ్మను గోడకు అతికించి, ఫోనును దానికి సమాంతరంగా పట్టుకుని, రెండడుగులు వెనక్కి జరిగి కొంచెం జూమ్ చేయండి. దగ్గరికి వెళ్లి తీస్తే అంచులు ఉబ్బినట్టు వస్తాయి. ఫ్లాష్ వద్దు. రంగు గోడ పక్కనుంటే దాని ఛాయ బొమ్మ మీద పడుతుంది.

ఫైలు పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫొటోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపండి. ఫొటోగా పంపితే అది సైజు కుదించి, నాణ్యత తగ్గించి చేరుస్తుంది. ఫోన్‌ తెర మీద బాగానే ఉంటుంది, అచ్చులో మొద్దుగా వస్తుంది. ప్రెస్సువాళ్లను తప్పుపట్టే ముందు దీన్ని చూసుకోండి.

రంగులు

తెర వెలుతురుతో చూపించే రంగులన్నీ ఇంకుకు రావు. అచ్చులో సయాన్, మెజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు ఇంకులే కలుస్తాయి, దీన్నే సీఎంవైకే అంటారు. కింది అంకెలు వాటి శాతాలు. తంగేడు పసుపు బాగా వస్తుంది, పసుపు 100, మెజెంటా 15 దగ్గర పెట్టండి. బంతి నారింజకు మెజెంటా 50 దాకా పోవచ్చు. ఇబ్బందంతా రంగు అద్దిన గునుగుతో. ఆ నిగనిగలాడే గులాబీ, ఊదా ఛాయలు సీఎంవైకేలో చప్పబడతాయి. అక్కడ వేరే ఇంకు పోసే దారి లేదు కాబట్టి పక్కనున్న రంగులను కొంచెం తగ్గించండి, అప్పుడు అదే గులాబీ ఎత్తుగా కనబడుతుంది. నీలం ఊదాగా మారిపోతుంటే సయాన్ 100 ఉంచి మెజెంటాను 70కి దించండి. పాలపిట్ట రెక్కకు ఇది తప్పకుండా చూసుకోవాలి. నల్ల అక్షరాలకు ఒక్క నలుపే 100 ఉండాలి. నాలుగు రంగులు కలిపి నలుపు చేస్తే అచ్చులో వెంట్రుకవాసి జరిగినా అక్షరం చుట్టూ రంగు నీడ వస్తుంది.

తెలుగు అక్షరాలు

ఫోన్‌లో టైపు చేసేది యూనికోడ్. డీటీపీ సెంటర్లలో యూనికోడ్ కాని పాత పద్ధతి అను ఫాంట్లతో పనిచేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మీ మెసేజ్‌ని అక్కడ అతికిస్తే గజిబిజి గుర్తులు వస్తాయి. వాళ్లు మళ్లీ టైపు చేస్తారు, చేసేటప్పుడు పేర్లలో ఒత్తులు పోతాయి. దీనికి మందు, అక్షరాలను మీరే కూర్చి, కర్వులుగా (ఫాంటుతో పనిలేని బొమ్మ గీతలుగా) మార్చి, పీడీఎఫ్ ఇవ్వడం. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, గిడుగు, ఎన్టీఆర్ లాంటివి ఉచితంగా దొరుకుతాయి, అమ్మే వస్తువు మీదైనా వాడుకోవచ్చు. ఫొటోషాప్‌లో ఒత్తులు విడిపోయి పక్కన పడుతుంటే అది ఫాంటు తప్పు కాదు. సెట్టింగుల్లో దక్షిణాసియా భాషల టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకుని మళ్లీ టైపు చేయండి. తెలుగుకు 11 పాయింట్ల కన్నా తగ్గవద్దు. ముదురు రంగు మీద తెల్ల అక్షరాలైతే 14, అదీ లావుపాటివి, లేకపోతే ఒత్తులు, సుడులు పూడుకుపోతాయి.

మీ చేతిరాత ఒక మోస్తరుగా ఉన్నా సరే, శుభాకాంక్షలు చేత్తోనే రాసి స్కాన్ చేయడం అన్నిటికన్నా మేలు. బొమ్మతో కలిసిపోతుంది.

కవర్లు

100×140 కార్డుకు కవరు 108×148 ఉండాలి, అంటే పొడవులో 8, వెడల్పులో 8 మి.మీ. ఎక్కువ. లోపల జమ్మి ఆకో, ఇంకో మడతో పెడితే 10. మధ్య పలక 148 వెడల్పు, 108 ఎత్తు. దానికి అటూ ఇటూ 15 మి.మీ. రెక్కలు, కింద 95 మి.మీ. వెనుక పలక, పైన 40 మి.మీ. మూత. మొత్తం 178×243, ఏ4 కాగితంలో హాయిగా పడుతుంది. కాగితం 100 నుంచి 120 జీఎస్ఎం.

చదివింపుల కవరు చేయడం ఇంకా ముచ్చటైన పని, పెళ్లికి తీసుకెళ్తే అక్కడ మీ చేతిపని ఇంకెవరి దగ్గరా ఉండదు. 500 నోటు 150×66 మి.మీ., కాబట్టి మధ్య పలక 180×85 పెట్టుకోండి.

1. ఏ4 కాగితాన్ని నిలువుగా పెట్టి, రెండు పక్కలా 15 మి.మీ. దగ్గర పెన్సిలు గీత గీయండి. మధ్యలో మిగిలేది సరిగ్గా 180.

2. పైనుంచి 35 మి.మీ. దగ్గర ఒక గీత (మూత), అక్కణ్నుంచి 85 దగ్గర ఇంకో గీత (ముందు పలక), అక్కణ్నుంచి 75 దగ్గర మూడోది (వెనుక పలక). మొత్తం 195. కింద మిగిలిన పట్టీ పేరు చీటీలకు పనికొస్తుంది.

3. మూతకూ వెనుక పలకకూ పక్కనున్న 15 మి.మీ. ముక్కలను కత్తిరించేయండి. రెక్కలు ముందు పలకకే మిగలాలి. వాటి మూలలను కొంచెం ఏటవాలుగా కోయండి, లేదంటే మడిచినప్పుడు బయటికి పొడుచుకొస్తాయి.

4. గీతలన్నీ ఖాళీ పెన్నుతో నొక్కి, ముందు రెక్కలు లోపలికి, తర్వాత వెనుక పలక పైకి మడవండి.

5. రెక్కల మీద సన్నటి డబుల్ టేపు. ఫెవికాల్ అయితే నీళ్లు కలపకుండా, వేలితో పలచగా. ఎక్కువైతే కాగితం ముడతలు పడుతుంది.

6. ఈమధ్య కాలపు రూపాయి బిళ్ల 20 నుంచి 22 మి.మీ. ఉంటుంది. ముందు పలక మీద కుడి మూలన తంగేడు పూవు గీసి, దాని నడుమ బిళ్ల అతికిస్తే పుప్పొడిలా ఉంటుంది. దీనికి పూవు మధ్యలో 25 మి.మీ. వృత్తం ఖాళీగా వదలండి. అతికించడానికి ఫోమ్ టేపు వాడండి, మామూలు గమ్ముకు బిళ్ల నిలవదు.

మూత మీద, వెనుక పలక మీద ఏదైనా రాస్తే విప్పిన కాగితంలో తలకిందులుగా రాయాలి. మడిచాకే నిటారుగా వస్తుంది.

పోస్టులో పంపేవాళ్లకు బరువు లెక్క: 300 జీఎస్ఎం మీద 140×200 కార్డు 8.4 గ్రాములు, కవరు నాలుగైదు గ్రాములు. ఉత్తరాల తొలి మెట్టు 20 గ్రాములు, దానిలోపే ఉంటుంది. ఏ4ను మడిచిన పెద్ద కార్డు ఒక్కటే 19 గ్రాములకు దగ్గరపడుతుంది, కవరు కలిస్తే మెట్టు దాటుతుంది. దసరా కార్డులో జమ్మి పెట్టాలంటే పచ్చి ఆకు పెట్టకండి, కార్డుకు మరక పడి, బూజు పడుతుంది. దినపత్రిక మడతల్లో పెట్టి, రోజూ కాగితం మారుస్తూ నాలుగైదు రోజులు అణచి ఉంచాక పెట్టండి. తపాలాశాఖ మై స్టాంప్ పథకంలో మీ సొంత బొమ్మతో 12 స్టాంపుల షీటు కూడా వేయించుకోవచ్చు. మెరుపుపొడి మాత్రం చల్లకండి, విప్పినవాళ్ల ఇల్లంతా అదే అవుతుంది.

కప్పు

కప్పు మీద బొమ్మకు దొరికే జాగా సుమారు 200×90 మి.మీ. ఇంత పొడుగు పట్టీకి అడ్డంగా సాగే దృశ్యమే నప్పుతుంది. ఊడలు దిగిన పిల్లలమర్రి ఒకటి, నాగార్జునసాగర్ డ్యామ్ ఇంకొకటి. డ్యామ్ 26 గేట్లనూ పట్టీ పొడవునా గీస్తే ఒక్కోదానికి ఏడున్నర మి.మీ. వస్తుంది, అంతకన్నా చిన్నగా గీస్తే గేట్ల మధ్య స్తంభాలు కలిసిపోతాయి. కుడిచేత్తో పట్టుకుని తాగేవాళ్లకు కనబడేది పట్టీలో కుడి సగం, ఎదురుగా కూర్చున్నవాళ్లకు ఎడమ సగం. పేరు ఎవరు చదవాలో తేల్చుకుని అటు పెట్టండి.

ఇది సబ్లిమేషన్ పని. బొమ్మను అద్దంలోలా తిరగేసి ప్రత్యేకమైన ఇంకుతో కాగితం మీద అచ్చువేసి, పూత ఉన్న కప్పుకు చుట్టి, 180 నుంచి 200 డిగ్రీల వేడిలో రెండున్నర మూడు నిమిషాలు ఒత్తుతారు. వేడికి ఇంకు ఆవిరై పూతలోకి దిగుతుంది. తిరగేయడం మరిచిపోతే అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తాయి, కప్పు ఇక పనికిరాదు. రంగులు పాలిపోతే వేడో సమయమో తగ్గింది. నలుపు గోధుమరంగుకు తిరిగితే ఎక్కువైంది. పిడి దగ్గర మాత్రమే మసకగా ఉంటే అక్కడ ఒత్తిడి పడలేదు, బొమ్మను పిడికి 10 మి.మీ. దూరంలో ఆపండి. తెల్ల ఇంకు ఉండదు కాబట్టి రంగు కప్పు మీద ఇది కుదరదు. మామూలు పింగాణీ కప్పు తెచ్చిస్తే దానికి పూత లేదు, కడగ్గానే పోతుంది.

నూలు సంచి

సబ్లిమేషన్ పాలిస్టరుకే పడుతుంది, నూలుకు కాదు. నూలు సంచికి ఇంట్లోనే స్టెన్సిల్ (బొమ్మ ఆకారంలో కోసిన షీటు మీదుగా రంగు అద్దడం) వేసుకోవచ్చు. ముందు సంచిని ఉతికి గంజి పోగొట్టండి, లేకపోతే రంగు గంజి మీదే ఆగి రాలిపోతుంది. ఆరాక ఇస్త్రీ చేసి, లోపల అట్టముక్క పెట్టండి. ఓహెచ్‌పీ షీటు (పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు) మీద బొమ్మ కోసి, ఫాబ్రిక్ రంగును స్పాంజితో అద్దండి. అద్దే ముందు స్పాంజిని కాగితం మీద రెండుసార్లు తట్టి, దాదాపు పొడిగా చేసుకోవాలి. తడి ఎక్కువైతే రంగు స్టెన్సిల్ కిందికి పాకుతుంది. నిలువుగా అద్దాలి, రుద్దకూడదు. ఒకరోజు ఆరనిచ్చి, వెనకవైపు నుంచి, ఇస్త్రీపెట్టెను కాటన్ గుర్తు దగ్గర పెట్టి, ఆవిరి లేకుండా మూడు నాలుగు నిమిషాలు ఇస్త్రీ చేయండి. మూడు రోజులదాకా ఉతకొద్దు. ఒడిబియ్యానికి వచ్చిన ఆడబిడ్డల చేతికి ఇలాంటి సంచి ఇస్తే రోజూ కూరగాయలకు వాడతారు. ముప్పైకి పైగా సంచులు కావాలంటే చేత్తో అద్దడం మాని స్క్రీన్ ప్రింటింగ్‌కు ఇవ్వండి. అక్కడ ఒక్కో రంగుకు ఒక్కో తెర చేయాలి కాబట్టి బొమ్మను రెండు రంగులకు కుదించండి.

చివరిగా టైము. పెళ్లి ముహూర్తాల రోజుల్లో ప్రెస్సుల్లో శుభలేఖల తర్వాతే మీ పని. దసరా కార్డులకైతే వినాయక చవితి నాటికి ఫైలు ఇచ్చేయండి, నమూనా చూసి రంగులు సర్దడానికీ, కవర్లు మడవడానికీ వ్యవధి ఉంటుంది. వానాకాలం కార్డులు అటూ ఇటూ వంగుతాయి, లామినేషన్ ఒకవైపే చేసినవి మరీ. కోయించి తెచ్చాక ప్లాస్టిక్ కవర్లో చుట్టి, చదునైన పలక కింద పెట్టుకుని, ఇచ్చే ముందురోజే కవర్లో పెట్టండి.